240జెడ్‌కి ఏ ఇంజన్: ఎల్‌ఎస్3నా, కె24నా?

డెబ్బైల నాటి జపాన్ స్పోర్ట్స్ కారు డాట్సన్ 240జెడ్ బరువు టన్నుకి కాస్త ఎక్కువ, అంతే. అందులో వచ్చిన 2.4 లీటర్ల స్ట్రెయిట్ సిక్స్ (ఒకే వరసలో ఆరు సిలిండర్లు) ఇంజన్‌కి ఇనుప బ్లాకు. దాన్ని తీసేసి వేరేది పెట్టాలనుకునేవాళ్లు చూసే ఇంజన్లలో రెండు ఇవి.

జీఎం ఎల్‌ఎస్3 అంటే 6.2 లీటర్ల వీ8, 2008 కార్వెట్‌లో 430 హార్స్‌పవర్. బ్లాకూ హెడ్లూ అల్యూమినియమే, వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ హెడ్ల మీద కాకుండా బ్లాకులోనే ఉంటుంది కాబట్టి అంత పెద్ద ఇంజనైనా తక్కువ చోటులో ఇమిడిపోతుంది. కాకపోతే ఆ టార్కుని (తిప్పే బలాన్ని) కారులోని పాత ఆర్180 డిఫరెన్షియల్, అంటే వెనక చక్రాలకి ఆ బలాన్ని పంచే గేర్ల పెట్టె, తట్టుకోదు. యాక్సిళ్లు, బ్రేకులు, రేడియేటర్ అన్నీ మార్చాలి. తేలికపాటి ఇంజన్ అనుకుని మొదలెడితే కారు మొత్తం మారిపోతుంది.

హోండా కె24 నాలుగు సిలిండర్లదే. అక్యూరా టీఎస్‌ఎక్స్‌లో 200 హార్స్‌పవర్ ఇచ్చింది. పొట్టిది కాబట్టి ఆరు సిలిండర్ల చోటులో బాగా వెనక్కి జరుగుతుంది, ముందు టైర్ల మీద భారం తగ్గుతుంది. తలనొప్పి వేరే: అడ్డంగా కూర్చోడానికి పుట్టిన ఇంజన్ ఇది. నిలువుగా పెట్టాలంటే ఆయిల్ పాన్ మార్చాలి, వెనక చక్రాల గేర్‌బాక్స్‌కి ఎడాప్టర్ ప్లేటు కావాలి.

మలుపుల రోడ్డుకైతే నా ఓటు కె24కే. ఆ పాత స్ట్రెయిట్ సిక్స్ గొంతు మాత్రం రెండింటిలోనూ దొరకదు.