12కు కారణాంకాలు ఆరా, పన్నెండా?

పూర్ణ సంఖ్యల పాఠం మొదలైన ప్రతిసారీ వచ్చే ప్రశ్నే ఇది: −3 కూడా 12కు కారణాంకమేనా? వాడుకలో రెండు పద్ధతులున్నాయి. 1, 2, 3, 4, 6, 12 దగ్గర ఆపేసి ఆరు అనేది ఒకటి. వీటి ఋణ జోడీలను కూడా కలిపి పన్నెండు అనేది రెండోది. (−3) × (−4) = 12 అన్నదాంట్లో ఎవరికీ పేచీ లేదు. ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనమేనని బ్రహ్మగుప్తుడు 628లోనే సూత్రం రాసిపెట్టాడు.

ధన సంఖ్యలతో ఆపితే లాభం లెక్కింపులో కనిపిస్తుంది. 12 = 2² × 3 కాబట్టి కారణాంకాల సంఖ్య (2+1)(1+1) = 6 అనే సూత్రం ధన కారణాంకాలకే సరిపోతుంది. ప్రధాన సంఖ్యకు రెండే కారణాంకాలన్న మాటా అంతే. ఋణాలనూ కలిపితే 7కు 1, −1, 7, −7 అని నాలుగవుతాయి. 6 = 1 + 2 + 3 లాగా, తనను మినహాయించి మిగతా కారణాంకాల మొత్తానికి సమానమయ్యే పరిపూర్ణ సంఖ్యల ముచ్చటకూ ధన కారణాంకాలే కావాలి.

అయినా నా మొగ్గు రెండో పద్ధతికే. కారణం గుణిజాల దగ్గరుంది. ఒక సంఖ్య 7తో నిశ్శేషంగా భాగింపబడుతుందా అని చూసే పద్ధతి తెలిసిందే: చివరి అంకెను రెట్టించి, మిగిలిన సంఖ్యలోంచి తీసేయాలి; వచ్చింది 7కు గుణిజమైతే అసలు సంఖ్యా గుణిజమే, కాకపోతే కాదు. 119 తీసుకోండి. 11 − 18 = −7. ఇప్పుడు −7ను 7కు గుణిజం కాదంటే, 119 కూడా కాదనాల్సి వస్తుంది. కానీ 119 = 7 × 17. అలాగే 21కి 2 − 2 = 0 వస్తుంది, కాబట్టి 0 కూడా గుణిజమే కావాలి. రెండు గుణిజాల తేడా కూడా గుణిజమే అన్న నియమం మీదే భాజనీయతా సూత్రాలన్నీ నిలబడ్డాయి. 14 − 35 = −21ను బయటికి నెట్టేస్తే ఆ నియమమే కూలిపోతుంది. గుణిజాల్లో ఋణాలకు చోటిచ్చి కారణాంకాల్లో ఇవ్వకపోవడం కొందరి మధ్యేమార్గం. (−3) × 7 = −21 అని రాశాక 7 కారణాంకం, −3 కాదు అనడం ఏం న్యాయం?

బీజగణితంలోకి వస్తే ఇక తప్పదు. x² − 7x + 12లో మధ్యపదాన్ని విడగొట్టాలంటే లబ్ధం 12, మొత్తం −7 కావాలి. ధన కారణాంకాల్లో ఎంత వెతికినా ఆ జత దొరకదు. అది −3, −4. పూర్ణ సంఖ్యల్లో (x − 1)(y − 2) = 6కు ధన జతలు మాత్రమే చూస్తే నాలుగు సాధనలే వస్తాయి. అసలున్నవి ఎనిమిది. (−1)(−6) నుంచి వచ్చే x = 0, y = −4 లాంటివి జారిపోతాయి. మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

రెండో పద్ధతిలో జాగ్రత్త పడాల్సింది క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) దగ్గర. 4, 6ల సామాన్య గుణిజాలు …, −24, −12, 0, 12, 24, … అని రెండు వైపులా సాగుతాయి కాబట్టి ‘కనిష్ఠం’ అనేదే ఉండదు. అందుకే అక్కడ ధన గుణిజాల్లో కనిష్ఠం అని చెప్పుకోవాలి, 0ను కూడా పక్కన పెట్టాలి. గ.సా.కా.కు (గరిష్ఠ సామాన్య కారణాంకానికి) ఈ చిక్కు లేదు. −12, 18ల సామాన్య కారణాంకాలు ±1, ±2, ±3, ±6. వాటిలో పెద్దది ఎలాగూ 6.

పరీక్షలో ‘సహజ సంఖ్యలు’ అనో ‘ధన కారణాంకాలు’ అనో ఉంటే ఆరు రాయండి. ‘పూర్ణ సంఖ్యల్లో’ అని ఉంటే పన్నెండు. ఏదీ చెప్పకుండా ఎన్ని అని మాత్రమే అడిగితే ఆరే ఆశిస్తున్నారనుకోవచ్చు, కానీ జవాబులో ‘ధన’ అన్న మాట చేర్చండి.

ప్రోగ్రాం రాసేవాళ్లకు: 1 నుంచి n వరకు తిరిగే లూప్‌కు n = −12 ఇస్తే ఒక్కసారి కూడా తిరగదు, కాబట్టి ముందే పరమ మూల్యం (ఋణ గుర్తు తీసేసిన విలువ) తీసుకోవాలి. −7ను 3తో భాగిస్తే పైథాన్ శేషం 2 చూపిస్తుంది, సీ భాష −1 చూపిస్తుంది. శేషం సున్నానా కాదా అని మాత్రమే చూస్తే రెండింట్లోనూ ఇబ్బంది లేదు. బేసి సంఖ్యను గుర్తించడానికి ‘2తో శేషం 1’ అని పరీక్ష పెడితే మాత్రం సీలో ఋణ బేసి సంఖ్యలన్నీ తప్పించుకుంటాయి. ‘శేషం 0 కాదు’ అని పెట్టండి.