ఉప్పుగాలి ఊళ్లో అద్దాల వైపర్: ఎనిమిది నెలలు వాడాక

ఒడిశా గోపాల్‌పూర్‌లో సముద్రానికి రెండు వీధుల ఇవతల, రెండో అంతస్తులో ఉంటాం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మా ఊరి దగ్గరే తీరం దాటినప్పుడు పాత చెక్క కిటికీల రెక్కలు ఊడిపోయాయి. తర్వాత అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు పెట్టించాం. ఇంటినిండా వెలుతురే. కానీ శనివారం తుడిచిన అద్దం మంగళవారానికి పలచటి మజ్జిగ పూసినట్టు అయిపోతుంది. వేలితో రాసి నాలుకకు తగిలిస్తే ఉప్పు.

అందుకే నిరుడు ఆన్‌లైన్‌లో అయస్కాంతం తుడుపు తెప్పించాను. ఒక ముక్క లోపల, ఒకటి బయట. లోపలిది జరిపితే బయటిదీ జరగాలి. మా అద్దం మందం ఐదు మిల్లీమీటర్లు, ఆ మోడల్ అంతకన్నా పలచటి అద్దానికట. ఆ మాట డబ్బా అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. రెండోసారికే బయటి ముక్క జారింది, తాడు కట్టిన ప్లాస్టిక్ రింగు తెగింది, ముక్క వెళ్లి కింది వాళ్ల సన్‌షేడ్ మీద పడింది. మా ఆయన బాల్కనీ గోడ దాటి ఒక కాలు ఆ షేడ్ మీద వేశారు. వానలకు పాచి పట్టి పచ్చగా ఉంది. చెప్పు సర్రున జారడం నా కళ్లారా చూశాను. చొక్కా పట్టుకుని లాగేశాను. సన్‌షేడ్ ఎండవానలకే గానీ మనిషి బరువు మోయడానికి కట్టింది కాదు. ఆ ముక్క ఇంకా అక్కడే ఉంది, ఉండనిచ్చాం.

తర్వాత బరంపురం బడా బజార్‌లో ఒక హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్లాను. నా వెనకాయనతో ఒడియాలో బేరమాడుతూనే కొట్టాయన నాతో తెలుగులో, “సముద్రం పక్కనాండీ? అయితే స్ప్రేలు ఒగ్గీండమ్మా, ముందు ఉప్పు కడగాల” అన్నాడు. పది అంగుళాల రబ్బరు వైపర్, మెడ అటూ ఇటూ తిరిగేది, ఐదడుగుల దాకా సాగే కడ్డీతో 480 రూపాయలకి ఇచ్చాడు. ఎనిమిది నెలలుగా అదే వాడుతున్నాను.

ఆయన మాట నిజం. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకుని నీరవుతుంది. అందుకే మా అద్దాలు పొద్దున్న జిగటగా ఉంటాయి. అప్పుడు పొడిగుడ్డ పెడితే ఉప్పు అద్దమంతా పులుముకుంటుంది, దాంతోపాటు వచ్చిన ఇసుక గీతలు పెడుతుంది. ముందు మంచినీళ్లు ధారగా పోస్తాను. తర్వాత అరబకెట్ నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండే చుక్కలు వేసి, మెత్తటి గుడ్డతో రుద్ది, వైపర్ పైనుంచి కిందికి ఒక్క లాగుడు లాగుతాను. లాగిన ప్రతిసారీ రబ్బరు అంచు తుడవాలి. అది మానేస్తే పక్క వరసలో నీటి చార పడుతుంది. ఎండ అద్దం మీద పడకముందే ముగించాలి, లేకపోతే సబ్బునీళ్లు అక్కడే ఆరి మరకలు కడతాయి.

ఈ వైపర్‌లో నాకు నచ్చింది దాని మెడ. మాకు గ్రిల్లు బయట ఉంది, అద్దానికీ దానికీ మధ్య జానెడు సందు. ఒక రెక్క జరిపి, ఆ ఖాళీలోంచి కడ్డీ పెట్టి మెడ వంచితే, బయటి పట్టాలో ఉన్న అద్దం బయటి వైపు మొత్తం అందుతుంది. నా రెండు కాళ్లూ గదిలో నేలమీదే. లోపలి పట్టా రెక్కకి మాత్రం ఇది పనికిరాదు. దాన్ని నెలకోసారి ఇద్దరం కలిసి పైకెత్తి, పట్టాలోంచి తప్పించి, నేలమీద గోడకి ఆనించి కడుగుతాం. ఒక్కరే ఎత్తకండి, చాలా బరువు.

బోరు నీళ్ల తెల్ల చుక్కలకి వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి వాడతాను. అద్దం మీద మాత్రమే, అదీ గుడ్డతోనే. కింద గట్టుకి వేసిన కడప రాయి సున్నపురాయి, పులుపు తగిలితే నునుపు పోతుంది. ఇంకోటి: వెనిగర్‌ని బ్లీచింగ్‌తో కలపొద్దు, క్లోరిన్ వాయువు పుడుతుంది. మా పనమ్మాయి బాత్రూమ్ బకెట్‌నే అద్దాలకీ తెస్తుంటే చూసి, వీటికి వేరే బకెట్ కొనిచ్చాను.

లోపాలూ ఉన్నాయి. చేతులు తడిగా ఉంటే కడ్డీ బిగింపు వదులవుతుంది, మూడడుగులు దాటి సాగదీస్తే పైభాగం ఊగుతుంది. మెడ దగ్గర స్క్రూ ఇనుపది, మూడో నెలకే తుప్పు పట్టి, ఆ ఎర్రనీళ్లు అద్దం మీదికి కారాయి. కొట్టాయన డబ్బు తీసుకోకుండా స్టీలు స్క్రూ వేసి ఇచ్చాడు. కొనేటప్పుడే అది అడిగి వేయించుకోండి. రబ్బరు పట్టీ విడిగా 60 రూపాయలు. ఒక అంచు అరిగితే తిప్పి పెట్టుకోవచ్చు. నాది పోయిన వారమే తిప్పాను.