పచ్చళ్ల బ్రాండ్‌కు ఏది మేలు: పేరా, లోగోనా, కాపీరైటా?

చేతిలో ఒక్క ట్రేడ్‌మార్క్ దరఖాస్తుకే డబ్బుంటే పేరు మీద పెట్టండి. ఉత్త అక్షరాల్లో పేరు రిజిస్టరైతే (వర్డ్‌మార్క్) ఏ ఫాంట్‌లో రాసినా, ఏ సీసా మీద అచ్చేసినా హక్కు మీదే. లోగో మాత్రమే చేయించి, మూడేళ్లకు డిజైన్ మార్చేశారనుకోండి, పాత సర్టిఫికెట్ అంతగా అక్కరకు రాదు, మళ్లీ ఫీజు. లోగో వేసినా రంగులు క్లెయిమ్ చేయకండి. నలుపు తెలుపులో వేస్తే అన్ని రంగులకూ వర్తిస్తుంది.

పేరు 'గుంటూరు ఆవకాయ' లాంటిదైతే లెక్క వేరు. ఊరి పేరు, సరుకు పేరు ఒకరి సొత్తు కావు కాబట్టి ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 9 కింద అభ్యంతరం దాదాపు ఖాయం. లోగోగా వేస్తే సర్టిఫికెట్ రావచ్చు, కానీ రక్షణ ఆ బొమ్మ మొత్తానికే. పక్కవాడు అవే రెండు మాటలు రాసుకుంటే ఆపలేరు. లేబుళ్లు అచ్చుకాకముందే పేరు మార్చుకోవడం చవక.

ఫీజు పేరుకైనా లోగోకైనా ఒకటే. టీఎం-ఏ (ట్రేడ్‌మార్క్ దరఖాస్తు) ఫారం ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకు, చిన్న సంస్థలకు క్లాసుకు (సరుకుల వర్గానికి) 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. బోల్తా పడేది క్లాసు దగ్గరే: పచ్చళ్లు 29లోకి, మసాలాలు 30లోకి వస్తాయి. రెండూ అమ్మితే రెండు ఫీజులు. పేరు తెలుగు లిపిలో ఉంటే ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉచ్చారణ, అర్థం ఇవ్వాలి. ఇప్పటికే అమ్ముతుంటే మొదలుపెట్టిన తేదీ రాసి, పాత బిల్లులతో అఫిడవిట్ జతచేయండి. బద్ధకించి 'ఇకపై వాడతాం' అని పెట్టేస్తే, రేపు గొడవలో ఎదుటివాడు ఆ మాటే పట్టుకుంటాడు. దరఖాస్తు పరిశీలించి ఆఫీసు పంపే ఎగ్జామినేషన్ రిపోర్టుకు జవాబు గడువు 30 రోజులు. ట్రేడ్‌మార్క్ ఆఫీసు జర్నల్‌లో అచ్చయ్యాక 4 నెలల దాకా ఎవరైనా వ్యతిరేకించవచ్చు. రిజిస్టరైతే పదేళ్లు, ఆపైన రెన్యువల్.

కాపీరైట్ పేరుకు రాదు. సినిమా టైటిల్ కేసులో 2015లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. లోగో బొమ్మకు గీసిన క్షణం నుంచే ఉంటుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించాలంటే, సరుకు మీద వాడే బొమ్మకు 2,000 రూపాయలతో పాటు అలాంటి ట్రేడ్‌మార్క్ మరొకరికి లేదని ట్రేడ్‌మార్క్ ఆఫీసు ఇచ్చే సెర్చ్ సర్టిఫికెట్ కూడా కావాలి. చిన్న వ్యాపారికి అది తొందరేం కాదు.

తొందరపడాల్సింది డిజైనర్ సంతకానికి. బయటి డిజైనర్‌తో గీయిస్తే, డబ్బిచ్చినంత మాత్రాన కాపీరైట్ మీది కాదు, రాతపూర్వకంగా బదిలీ చేయించుకోవాలి. అందులో గడువు రాయకపోతే 5 ఏళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. అమెరికాకు పార్సిళ్లు పంపేవారు ఆ రెండూ స్పష్టంగా రాయించుకోవాలి.