మూకుడా, కరెంటు డ్రమ్మా: ఇంట్లో కాఫీ గింజలు వేపుకోవడానికి ఏది మేలు?

మా విజయనగరంలో కాఫీ అంటే చిక్కటి పాలు పోసిన ఫిల్టరు కాఫీయే. అందుకే ముందు దాన్ని మనసులో పెట్టుకునే మూకుణ్ణీ, గింజల్ని తిప్పుతూ కరెంటు వేడితో వేపే డ్రమ్ము యంత్రాన్నీ పోలుస్తాను. పాలూ పంచదారా లేకుండా తాగేవాళ్ల లెక్క వేరు.

మొదట ఎంత కావాలో చూసుకోవాలి. గట్టి డికాక్షనుకి కప్పుకి తొమ్మిది పది గ్రాముల పొడి పడుతుంది. నలుగురు రెండు పూటలా తాగితే వారానికి అర కిలో పైమాటే. పచ్చి గింజలో పది పన్నెండు శాతం తేమ ఉంటుంది. వేపితే ఆ తేమా, మరికాస్తా పోయి, వందకి పదిహేను గ్రాముల దాకా తరుగు వస్తుంది. అంటే వారానికి 630 గ్రాముల పచ్చి గింజ వేపాలి. మూకుట్లో వాయికి 100 గ్రాములు మించి వేస్తే కింద మాడుతూ పైన పచ్చిగా ఉండిపోతాయి. అలా ఆరేడు వాయిలు, ఒక్కోటి పావుగంట, గరిటె ఆపడానికి లేదు. డ్రమ్ములో 250 గ్రాముల వాయిలు మూడు వేస్తే సరి. ఇద్దరే ఉన్న ఇంటికి మూకుడు చాలు. నలుగురుంటే డ్రమ్ము కొన్న డబ్బు దండగ కాదు, కానీ మీ వీధి కరెంటు సంగతి తేల్చుకున్నాకే కొనండి.

ఈ మాట ఎందుకంటున్నానంటే, పెట్టె మీద 1,400 వాట్లని రాసి ఉన్నది 230 వోల్టులు వచ్చినప్పటి సంగతి. కాయిల్ వేడి వోల్టేజీ వర్గాన్ని (స్క్వేరుని) బట్టి మారుతుంది. సప్లై 200కి పడిందంటే 1,400 కాస్తా 1,060 అవుతుంది. వోల్టేజీ పడేది పదమూడు శాతమే, వేడి మాత్రం పాతిక శాతం దాకా పోతుంది. వేసవి సాయంత్రం వీధంతా ఏసీలు వేసుకున్నాక డ్రమ్ము పెడితే, పదకొండో నిమిషంలో వేడికి టపటపమని పేలాల్సిన గింజ పద్దెనిమిదో నిమిషానికి గానీ పేలదు. రంగు చూస్తే అన్నీ బాగానే ఉంటాయి, కప్పులో మాత్రం వాసనా ఉండదు, పులుపూ ఉండదు. ఉత్త చప్పన. తెల్లవారుజామున వేపితే ఈ బాధ తగ్గుతుంది. ఫ్రిజ్ కింద పెట్టే స్టెబిలైజరు ఈ లోడు మొయ్యదు, కనీసం 2 కేవీఏది కావాలి. అది కూడా డ్రమ్ము ఖరీదులో కలిపి చూసుకోండి. ఇక ప్లగ్గంటారా, ఆరు ఆంపియర్లు దాటుతుంది కాబట్టి గీజరుకి పెట్టే పదహారు ఆంపియర్ల సాకెట్టే వాడాలి. కరెంటు బిల్లుకి మాత్రం భయపడక్కర్లేదు, వాయికి మూడో వంతు యూనిట్టు.

మధ్యలో కరెంటు పోతే ఇంకో తంటా. డ్రమ్ము తిరగదు, ఫ్యాను ఆగిపోతుంది, రెండు వందల డిగ్రీల గింజ ఒకేచోట కుప్పపడి లోలోపల మాడుతూనే ఉంటుంది. ఇంటి ఇన్వర్టరు మామూలుగా ఈ బరువు లాగదు. మందపాటి గుడ్డ పట్టుకుని వెంటనే చాటలోకి దించెయ్యాలి. లోపల పొట్టు అంటుకుని మంట కనిపిస్తే మాత్రం తలుపు తియ్యొద్దు, ప్లగ్గు పీకి మూసే ఉంచాలి. గ్యాసు పొయ్యికి ఈ గొడవేదీ లేదు.

రుచికొస్తే, మూకుడు వేపుడు ఎప్పుడూ ఒకే రంగులో రాదు. ఒక గింజ ఎర్రగా ఉంటే పక్కది నల్లగా ఉంటుంది. పాలు పడ్డాక ఆ తేడా నాలుకకి అందదు. నన్నడిగితే ఆ నల్లగింజల చేదే పాలకి ఎదురు నిలుస్తుంది. బ్లాక్ కాఫీ తాగేవాళ్లకి అలా కాదు. ఎస్.కోట మీదుగా ఘాటెక్కితే వచ్చే అరకు అరబికా రకం కాఫీకి 2019లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ నీడన పెరిగే ఆ గింజలో సన్నటి పులుపు, పండు వాసన ఉంటాయి. వేపుడు సమంగా ఉండి, మీడియం దగ్గర ఆపితేనే అవి నిలుస్తాయి. అందుకు డ్రమ్మే కావాలి.

అయినా డ్రమ్ము కొనేవాళ్లు కూడా ముందు కొన్నాళ్లు మూకుట్లో వేపాలని నా పట్టు. ఇనప మూకుడు కాగాక గింజలు పోస్తే ఆకుపచ్చ పోయి పసుపు తిరుగుతాయి, ఎండుగడ్డి వాసన వస్తుంది. తర్వాత రొట్టె కాల్చిన వాసన, గింజ మీంచి పొట్టు ఊడి ఎగరడం. గింజ 196 డిగ్రీల దగ్గరకొచ్చేసరికి పేలాలు వేపినట్టు టపటపమంటాయి. అదే ఫస్ట్ క్రాక్. అది ఆగాక కాసేపటికి, 224 దగ్గర, సన్నగా గబగబా చిట్లడం మొదలైతే సెకండ్ క్రాక్. ఫిల్టరు కాఫీకి ఆ రెండో చప్పుడు వినపడీ పడకముందే దించెయ్యాలి. డ్రమ్ములో మోటారు, ఫ్యాను హోరుకి ఈ చప్పుళ్లు సగం వినపడవు. చెవికి ముందే అలవాటైతే ఆ హోరులోనూ పట్టుకుంటారు.

చల్లార్చడంలో మాత్రం మూకుడిదే పైచేయి. వంచగానే గింజలు చాటలో ఉంటాయి, టేబుల్ ఫ్యాను ముందు చెరిగితే రెండు మూడు నిమిషాల్లో వేడీ పోతుంది, పొట్టూ పోతుంది. చిన్న డ్రమ్ములు చాలావాటిలో చల్లార్చే పని లోపలే నెమ్మదిగా సాగుతుంది, ఈలోగా రంగు ఇంకో మెట్టు ముదురుతుంది. అందుకే అనుకున్నదానికి కాస్త ముందే ఆపాలి.

పొగ రెండింటికీ ఉంది, డాబా మీదో పెరట్లోనో పెట్టుకోండి. వంటింట్లో పెట్టారో, కింద వాటా పెద్దమ్మ మెట్ల దగ్గర నుంచే “ఏటమ్మా, ఏటి మాడిపోనాది?” అని కేకేస్తుంది.

ఇక కొట్టు పొడి. పైడితల్లి సిరిమాను జాతరకి ఇంటినిండా చుట్టాలు దిగినప్పుడు మూకుడూ వద్దు, డ్రమ్మూ వద్దు, పొడి కొనెయ్యడమే. కాకపోతే ప్యాకెట్టు మీద చికోరీ (కాఫీలో కలిపే ఒక మొక్క వేరు పొడి) శాతం చూసి తీసుకోండి, చట్టప్రకారం అది 49 దాకా ఉండొచ్చు. ఇంట్లో వేపిన గింజ ఒక రోజు ఆగాక మర పట్టండి. చికోరీ లేకపోతే రంగు చాలదనేవాళ్లు విడిగా కొనుక్కుని, కిలోకి రెండు వందల గ్రాములు కలుపుకోవచ్చు.