విండోస్ 11 సమీక్ష: ఆనవాళ్లు నిండుగా, అధికారం అరకొరగా

విండోస్ 11 వేగాన్ని, రూపాన్ని, ఆటల పనితీరును తూచిన సమీక్షలు కోకొల్లలు కనుక వాటి జోలికి వెళ్లడం లేదు. మనం చేసిన పనుల ఆనవాళ్లను ఇది ఎంత మేరకు నమోదు చేస్తుంది, వాటిని చూసే, చెరిపే అధికారం మనకు ఎంత మేరకు ఇస్తుంది అన్నదే ఇక్కడి పరిశీలన. మొదటి దానికి నిండు మార్కులు వేయవచ్చు. రెండో దానికి సగం వేయడానికే చేయి రాదు.

ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి, అందులోని ఫోల్డర్ తెరిచి, ఒక పత్రం చదివి, దాన్ని డిలీట్ చేసి, పెన్‌డ్రైవ్ తీసేశారనుకుందాం. ఆ పరికరం తయారీదారు పేరు, సీరియల్ నంబరు విండోస్ తన సెట్టింగులు, వివరాలు దాచుకునే రిజిస్ట్రీలోని యూఎస్‌బీస్టోర్ విభాగంలో ఉండిపోతాయి. తెరిచిన ఫోల్డర్ పేరు, ఫోల్డర్ల వివరాలు గుర్తుంచుకునే షెల్‌బ్యాగ్స్ అనే రిజిస్ట్రీ నమోదుల్లో చేరుతుంది. పత్రం పేరు, పరిమాణం, తేదీలు, అది ఉన్న డ్రైవ్ వాల్యూమ్ సీరియల్ నంబరు ఒక షార్ట్‌కట్ ఫైలుగా 'రీసెంట్' ఫోల్డర్‌లోకి వెళ్తాయి. పత్రం లేదు, పెన్‌డ్రైవ్ లేదు, కథ మాత్రం మిగిలింది.

ఇవేవీ నిఘా కోసం పెట్టినవి కావు. ప్రీఫెచ్ సంగతే చూడండి: ప్రోగ్రాములు త్వరగా తెరుచుకోవడం కోసం 2001లో ఎక్స్‌పీతో వచ్చిన ఈ ఏర్పాటు, ఇప్పుడు 1024 ఫైళ్ల దాకా దాచుకుంటూ, ఒక్కో ప్రోగ్రాము చివరి 8 సార్లు ఏయే సమయాల్లో నడిచిందో చెప్పగలదు. అయితే ప్రోగ్రాము నడిచిందని చెబుతుందే తప్ప, కీబోర్డు ముందు ఎవరున్నారో చెప్పదు. ఈ తేడాను పట్టించుకోని ఫోరెన్సిక్ (నేర పరిశోధన) నివేదిక నిర్దోషిని ఇరికించగలదు. పట్టించుకున్న నివేదికకు అవే ఆనవాళ్లు నిర్దోషిని విడిపించే ఆధారాలవుతాయి. విండోస్ ఫైళ్లను డ్రైవ్‌లో అమర్చే పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్ఎస్ ప్రతి ఫైలుకూ కనీసం రెండు చోట్ల సమయాలు రాసుకుంటుంది. తేదీలు మార్చే సాధనాలు చాలావరకు మొదటి చోటునే మారుస్తాయి కాబట్టి, రెండూ పొసగకపోవడమే పరిశోధకుడికి ఆరా తీయవలసిన సంకేతం.

ఎస్ఎస్‌డీ అనే కొత్త తరహా డ్రైవ్‌కు విండోస్ పంపే ట్రిమ్ ఆదేశం దీనికి ఎదురు దిశలో, అంటే ఆనవాళ్లు చెరిపే దిశలో, పనిచేస్తుంది. పాత హార్డ్‌డిస్కుల్లో డిలీట్ చేసిన సమాచారం, దానిమీద మరొకటి రాసేదాకా అలాగే ఉండేది. 2009లో విండోస్ 7తో మొదలైన ట్రిమ్ వల్ల, ఏ భాగాలు ఖాళీ అయ్యాయో ఎస్ఎస్‌డీకి వెంటనే తెలుస్తుంది. ఆ తర్వాత వాటిని చదవబోతే సాధారణంగా సున్నాలే ఎదురవుతాయి. డ్రైవ్ వేగం, ఆయుష్షు కోసం చేసిన పని ఇది. గోప్యత దక్కడం యాదృచ్ఛికం.

ఉద్దేశపూర్వకంగా ఇచ్చిన రక్షణ ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనివారు చదవలేని రూపంలోకి డ్రైవ్‌లోని సమాచారాన్ని మార్చడం. 24హెచ్2 కూర్పును కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయితే, అనువైన కంప్యూటర్లలో హోమ్ ఎడిషన్‌లోనూ అది దానంతటదే అమలవుతుంది. ఆపి ఉన్న ల్యాప్‌టాప్‌ను దొంగ ఎత్తుకుపోయినా డ్రైవ్ ఊడదీసి చదవలేడు. కానీ డ్రైవ్‌ను తిరిగి తెరిచే రికవరీ కీ ఆ ఖాతాలోకే చేరుతుంది. చట్టబద్ధమైన ఉత్తర్వు వస్తే కంపెనీ దాన్ని అప్పగించగలదు. ఇన్‌స్టాల్ చేసే వేళ ఈ సంగతి ముఖాన కనిపించేలా చెప్పకపోవడం నా దృష్టిలో పెద్ద లోపం.

ఇక రీకాల్. తెరను కొన్ని సెకన్లకొకసారి ఫొటో తీసి, వెతికే వీలు కల్పించే ఈ సదుపాయాన్ని 2024 మేలో ప్రకటించినప్పుడు, దాని డేటాబేస్‌ను సులువుగా చదవవచ్చని భద్రతా పరిశోధకులు చూపించారు. విడుదల వాయిదా పడింది. మనం ఒప్పుకుంటేనే పనిచేసేలా, ఎన్‌క్రిప్షన్‌తో, ముఖం, వేలిముద్ర లేదా పిన్‌తో మనిషిని గుర్తించే విండోస్ హలో ధ్రువీకరణతో 2025 ఏప్రిల్‌లో, ఏఐ పనుల కోసం తయారైన కోపైలట్ ప్లస్ కంప్యూటర్లకు వచ్చింది. మార్పులు మెచ్చదగినవే. అయినా పిన్ తెలిసిన వ్యక్తి ఇంట్లోనే ఉంటే ఆ కవచం పలుచబడుతుంది. అవతలివారు రీకాల్ వాడుతుంటే మనం పంపిన సందేశం వాళ్ల తెర మీది ఫొటోలో చేరుతుంది; అందుకే సందేశాల యాప్ సిగ్నల్ 2025 మేలో తన విండోస్ యాప్‌లో స్క్రీన్‌షాట్లను ముందుగానే అడ్డుకుంది.

సెట్టింగుల్లోని ప్రైవసీ పేజీ, మనకు తగిన ప్రకటనలు చూపడానికి వాడే ప్రకటనల ఐడీ గురించి, కంప్యూటర్ పనితీరుపై మైక్రోసాఫ్ట్‌కు వెళ్లే డయాగ్నస్టిక్ డేటా గురించి విపులంగానే అడుగుతుంది. షెల్‌బ్యాగ్స్, ప్రీఫెచ్ ఊసెత్తదు. ఇటీవల తెరిచిన ఫైళ్లను చూపకుండా ఆపే మీట ఉన్నా, అది పర్సనలైజేషన్ కింద, స్టార్ట్ పేజీలో ఎక్కడో ఉంటుంది.

నా రేటింగ్ 5కు 3. దొంగతనమే భయమైతే నిశ్చింతగా వాడుకోవచ్చు. ఒకే కంప్యూటర్‌ను నలుగురు పంచుకునే చోట ఎవరి ఖాతా వారికి, ఎవరి పిన్ వారికి ఉండాలి, రీకాల్ ఆఫ్‌లో ఉండాలి. అడ్మినిస్ట్రేటర్ అధికారం ఉన్న వ్యక్తి మిగతావారి ఆనవాళ్లను చూడగలడన్నది లెక్కలో పెట్టుకునే వాడాలి.