ఐదు నిమిషాల్లో వెంట్రుకలు రాల్చే ‘మూలికల’ పొడి కొనకండి

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో, అచ్చం మూలికలతో చేశామంటూ వెంట్రుకలు రాల్చే పొడి అమ్ముతున్నారు. అక్కలూ, చెల్లెళ్లూ, దయచేసి దాన్ని ఒంటికి పూయకండి.

పెళ్లికి ముందు మా చెల్లెలు కాళ్లకు వాడింది. రోజ్‌వాటర్‌తో కలపగానే ఇల్లంతా మురిగిన కోడిగుడ్డు కంపు. ముద్ద తగిలిన మేర వెండి పట్టీ గజ్జెలు నల్లగా మారిపోయాయి. వెంట్రుకలు ఊడాయి, నిజమే. రాత్రికి పిక్కలు ఎర్రగా కందిపోయి బొబ్బలు లేచాయి. పెళ్లిపీటల మీద కూడా పాపం మంటతోనే కూర్చుంది.

ఆ కంపూ, ఆ నలుపూ సల్ఫైడ్ అనే గంధకపు రసాయనం పని. ఇలాంటి చౌక పొడుల్లో బేరియం సల్ఫైడ్ కలుపుతుంటారు. అది వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రోటీన్‌ను కరిగిస్తుంది. మన చర్మం పైపొరలో ఉండేదీ కెరటినే, అందుకే చర్మమూ కాలుతుంది. పొరపాటున కడుపులోకి పోతే రక్తంలో పొటాషియం పడిపోయి, కాళ్లూ చేతులూ చచ్చుబడి, ప్రాణం మీదికొస్తుంది. చూడ్డానికి సున్నిపిండిలా ఉంటుంది కాబట్టి పిల్లలున్న ఇంట్లో అసలు పెట్టుకోవద్దు.

పెసలు, కస్తూరి పసుపు, బావంచాలు వేసి పట్టించిన నలుగుపిండితో రుద్దగా రుద్దగా నూగు కొంచెం తగ్గుతుంది, అదీ నిదానంగా. పంచదార, నిమ్మరసం పాకమైతే కుదుళ్లతో లాగుతుంది, నొప్పి తప్పదు. బాగా చల్లారనివ్వకుండా పూస్తే దాంతోనూ ఒళ్లు కాలుతుంది. రుద్దకుండా, లాగకుండా ఐదు నిమిషాల్లో వెంట్రుక ఊడిందంటే అందులో కెమికల్ ఉన్నట్టే.

ఇప్పటికే పూసుకుని మంటగా ఉంటే వెంటనే చల్లటి నీళ్ల ధార కింద చాలాసేపు కడగండి. నిమ్మకాయ, టూత్‌పేస్టు రాయొద్దు. బొబ్బలొస్తే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లండి.

సౌందర్య సాధనమేదైనా తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, అందులో ఏమేం కలిపారో కవరు మీద ఉండాలి. మాకిచ్చిన కవరు మీద ఆకుల బొమ్మ తప్ప ఏమీ లేదు. వెళ్లి అడిగితే తాతల నాటి మందు అన్నారు, డబ్బు వాపసివ్వలేదు. మీ దగ్గర ఇలాంటి ప్యాకెట్టుంటే పారేయకుండా పిల్లలకు అందని చోట దాచి, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. డ్రగ్ ఇన్‌స్పెక్టరుకూ ఫిర్యాదు ఇవ్వొచ్చు, అప్పుడు ఆ ప్యాకెట్టే సాక్ష్యం.