పుంజు కాలి ముల్లు పెరిగితే: అరగదీయాలా, కోయాలా, తొడుగు ఊడదీయాలా?

పెరటి కోళ్లు పెంచేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. మూడు పద్ధతులతోనూ ముల్లు పొట్టిదవుతుంది. తేడా వచ్చేది లోపలి ఎముక దగ్గరే.

ముల్లంటే పుంజు కాలి వెనక కొమ్ములా పెరిగేది: కాలి ఎముక నుంచి చిన్న ఎముక మొలుస్తుంది, దాని మీద గట్టి తొడుగు ఉంటుంది. ఆ ఎముకకు నెత్తురూ ఉంటుంది, నొప్పీ తెలుస్తుంది. తొడుగు మాత్రం ఎముక కొస దాటి పెరుగుతూనే పోతుంది. మనం తీయాల్సింది ఆ మిగులే. అందుకే ఎముక జోలికి పోని పద్ధతికే నా ఓటు.

అసలు తీయాలా అన్నది ముందు చూడండి. నడక బాగుండి, పెట్టల వీపులు చీరుకుపోకుండా ఉంటే పొడుగు ముల్లునైనా వదిలేయొచ్చు. వంకర తిరిగి తన కాలికే గుచ్చుకుంటున్నా, రెండు ముళ్లూ తగలకుండా కాళ్లు ఎడం చేసి నడుస్తున్నా ఆలస్యం చేయొద్దు.

తొడుగు ఊడదీయడం చూడ్డానికి సులువు. ఉడికించిన వేడి బంగాళదుంపను ముల్లుకు కాసేపు గుచ్చి, పటకారుతో మెల్లగా తిప్పితే తొడుగు టోపీలా ఊడొస్తుంది. పని ఒక్కసారితో అయిపోతుందని చాలామందికి ఇదే ఇష్టం. కానీ దుంప కాలికి తగిలితే చర్మం కాలుతుంది. లేత పుంజుల్లో తొడుగు బిగుసుకుని ఉంటుంది, బలవంతంగా తిప్పితే లోపలి ఎముకే విరగొచ్చు. సవ్యంగా ఊడినా కింద ఎర్రటి పచ్చి ఎముక బయటపడుతుంది. అది గట్టిపడేదాకా పుంజును విడిగా ఉంచాలి, లేదంటే నెత్తురు చూసి మిగతా కోళ్లు పొడుస్తాయి. వానాకాలమైతే ఈగలు వాలి పురుగులు పడతాయి. ఇన్ని తిప్పలుండగా దీన్ని సులువు పద్ధతి అనడం నాకు మింగుడుపడదు.

కొస కోయడమే మేలు. చీకటి పడ్డాక, పుంజు మందగించినప్పుడు పట్టుకోండి. తువ్వాలు చుట్టండి గానీ రొమ్ము నొక్కొద్దు, రొమ్ము కదిలితేనే కోడికి ఊపిరి ఆడేది. ముల్లు మొదలు ఎంత లావుందో కొలిచి, దానికి మూడు రెట్ల పొడవు వదిలి పెన్నుతో గీత పెట్టండి. మొదలు అర అంగుళం ఉంటే అంగుళంన్నర ఉంచాలన్నమాట. ఇది ఉజ్జాయింపు లెక్కే కాబట్టి ఇంకాస్త ఎక్కువ వదిలినా నష్టం లేదు. ఒకరు ముల్లు మొదలును గట్టిగా పట్టుకుంటే, ఇంకొకరు సన్న పళ్ల హాక్సా బ్లేడుతో నిదానంగా కోయాలి. గోళ్ల కట్టర్ వద్దు, లావు ముల్లును నిలువునా చీలుస్తుంది, ఆ చీలిక ఎముక దాకా పోతుంది. కోసిన ముఖం పొడిగా ఉన్నంతవరకు భయం లేదు. నడిమధ్యన తడిగా గులాబీ చుక్క కనబడితే అక్కడే ఆపేయండి. తర్వాత ఆకురాయితో అంచులు గుండ్రం చేయండి.

ఒట్టి ఆకురాయితోనే సరిపెట్టడం కుర్ర పుంజులకు బాగుంటుంది. నెలా రెండు నెలలకోసారి, ఒకే దిశలో, నాలుగు రుద్దులు చాలు. ముదురు ముల్లును దీంతో అరగదీయాలంటే పుంజుకూ మనకూ ఓపిక చాలదు.

ముల్లు గుచ్చుకోకుండా పైన తొడిగే రబ్బరు తొడుగులు జారిపోతాయి. ముల్లు కాలి మాంసంలోకి దిగిపోయినా, చీము పట్టినా ఇంట్లో ముట్టుకోకుండా పశువైద్యుడికే చూపించాలి.

పొరపాటున నెత్తురొస్తే మొక్కజొన్న పిండి అద్ది, శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు వదలకుండా నొక్కిపట్టండి. మధ్యమధ్యలో తీసి చూస్తే గడ్డకట్టింది కాస్తా ఊడిపోతుంది. ఆగాక ఆ రాత్రికి గంప కింద ఒంటరిగా ఉంచండి. పావుగంటైనా ఆగకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.